ముగ్గురు మెకానిక్‌ల చేతుల్లో పడ్డ రోలాండ్ ఎస్-10

ఆగస్టులో ముసురు పట్టిన ఒక రోజు ఈ కీబోర్డు నా బెంచీ మీదికి వచ్చింది. పాత దుప్పట్లో చుట్టి, ఆటో వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాడు ఓనరు. మనిషికి అరవై దాటాయి. తొంభైల్లో వరంగల్, జనగామ, హుజూరాబాద్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, గణేశ్ మండపాలకు ఆర్కెస్ట్రా నడిపినాయన.

"తమ్మీ, ఇప్పటికే ఇద్దరికి చూపెట్టిన. ఒకాయన డ్రైవ్ పోయింది, గది యాడ దొరకదు అన్నడు. ఇంకొకాయన బోర్డే పోయింది, పక్కకు పెట్టుమన్నడు. నువ్వు జెర చూడు."

"అసలు ఏమైతుందన్నా?"

"ప్రోగ్రాంల పెడితే నడుమ నడుమ ఆగిపోయేది. ఇంట్ల మాత్రం మంచిగనే నడిచేది. తర్వాత డిస్క్ తీస్కోవుడు బందైంది. మొన్న మైకు పెట్టి ఏదో సాంపిల్ కొట్టి చూసిన, నడిమిట్ల కొన్ని మెట్లు సుత మోగుతలెవ్వు."

ఆయన చెప్పినవి మూడు విడివిడి రోగాలు. వచ్చిన కాలం వేరు, లక్షణం వేరు. ముందు వచ్చిన ఇద్దరూ మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టారు. నేను నోట్‌బుక్‌లో మూడు పేజీలు విడిగా రాసుకున్నాను. అలా రాసుకున్నందుకు నేనేదో జాగ్రత్తపరుణ్ణి అనుకోకండి, నా నిర్వాకం కూడా ముందుంది.

వెనక ప్లేటు మీద మోడల్ పేరు, దాని కింద 117 వోల్ట్‌లు అని ఉంది. ఎస్-10 అనేది 1986లో వచ్చిన సాంప్లింగ్ కీబోర్డు. 49 మెట్లు, ఒకేసారి ఎనిమిది స్వరాలు, 12 బిట్. దీంతో పరిచయం లేనివాళ్ల కోసం ఒక మాట: ఆన్ చేయగానే ఇందులో వాయించడానికి ఏ సౌండూ ఉండదు. మైకులోంచి వచ్చిన చప్పుడును ర్యామ్‌లోకి తీసుకుని, మెట్ల మీద పరిచి వాయిస్తుంది. కరెంటు తీస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. దాచుకోవాలంటే డిస్క్ మీదికి ఎక్కించాలి. ఆ డిస్క్ మనం కంప్యూటర్లలో చూసిన మూడున్నర అంగుళాల ఫ్లాపీ కాదు, మిత్సుమి వాళ్ల 2.8 అంగుళాల క్విక్ డిస్క్. మెమరీ నాలుగు బ్యాంకులుగా ఉంటుంది. ఒక్కో బ్యాంకులో 30 కిలోహెర్ట్జ్ దగ్గర 1.1 సెకన్ల చప్పుడు పడుతుంది. నాణ్యత తగ్గినా ఫరవాలేదనుకుని 15 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే 2.2 సెకన్లు.

డిస్క్‌లు ఒక సబ్బు పెట్టెలో పెట్టి తెచ్చాడు. ఆరు. వాటి మీద పెన్నుతో పేర్లు: డప్పు, ఒగ్గు డోలు, షెహనాయి, చప్పట్లు, గంటలు, అమ్మ.

"అమ్మ అంటే?"

"మా అమ్మ గొంతు. బతుకమ్మ కాడ ‘ఉయ్యాలో’ అంటది. గంతే ఉంటది. దాంట్ల ఇంకెక్కువ పట్టదు గద."

బతుకమ్మకు ఇంకా రెండు నెలలుంది. ఈసారి వాళ్ల గల్లీలో తన కీబోర్డే పెట్టాలని ఆయన కోరిక.

కరెంటు

విప్పి చూడకుండా నేను ఏ పాత సామాన్నీ ఆన్ చేయను. కవరు తీస్తే లోపల వేలెడు దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు, ఎండిపోయిన రెండు బొద్దింకలు. అది మామూలే. మామూలు కానిది ఫ్యూజు. గాజు గొట్టం అలాగే ఉంది కానీ దాని మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి రాగి తీగ చుట్టి ఉంది.

కథ ఊహించడం కష్టమేం కాదు. ఈ కీబోర్డును 1988లో ఆయన బావ రియాద్ నుంచి తెచ్చాడు. సౌదీలో అప్పట్లో చాలా ఇళ్లలో 127 వోల్ట్‌ల కరెంటే ఉండేది కాబట్టి 117 మోడల్ అక్కడ సరిపోయింది. మన దగ్గర 230. నడుమ ఒక స్టెప్‌డౌన్ డబ్బా పెట్టి వాడాలి. ఎవరో ఒకసారి మరిచిపోయి నేరుగా ప్లగ్ పెట్టారు, ఫ్యూజు ఎగిరింది. అది దాని పని అది చేసింది. కొత్తది వేయాల్సిన మొదటి మెకానిక్ తీగ చుట్టి పంపాడు. ఆ తర్వాత మరోసారి నేరుగా పెట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఈ కథ అక్కడే ముగిసేది. ఓనరు అదృష్టవంతుడు.

తీగ తీసి సరైన ఫ్యూజు వేశాను. సిరీస్ బోర్డులో 60 వాట్ల బల్బు పెట్టి, దాని తర్వాత స్టెప్‌డౌన్ డబ్బా, ఆ తర్వాత కీబోర్డు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి సన్నగిల్లింది. అంటే ఎక్కడా షార్ట్ లేదు. బల్బు తప్పించి నేరుగా పెట్టాను. డిస్‌ప్లే వచ్చింది. 5 వోల్ట్ లైన్ మీద మీటరు 4.97 చూపించింది. మైకు పెట్టి స్పానర్‌తో బెంచీని కొట్టి సాంపిల్ తీశాను. వాయించాను. నాలుగు గంటలు ఆన్‌లోనే ఉంచాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇక్కడే రెండో మెకానిక్ చేతులెత్తేసి ఉంటాడు. షాపులో రాని రోగానికి "బోర్డు పోయింది" అన్నది అందరికీ పనికొచ్చే జవాబు.

స్పానర్ సాంపిల్ మాత్రం నాకు ఒక సందేహం తీర్చింది. అదే చప్పుడును నాలుగు బ్యాంకుల్లోకీ విడివిడిగా తీసుకుని ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. ర్యామ్ చిప్ ఏదైనా పోయి ఉంటే ఆ బ్యాంకులో మాత్రమే చిటపటలు వినిపించాలి, మిగతావి శుభ్రంగా ఉండాలి. నాలుగూ ఒకేలా ఉన్నాయి. నాలుగింటి వెనకా ఒకే రకం హమ్ ఉంది, సన్నగా. ర్యామ్ బాగుంది. అంటే తప్పు అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది.

ఓనరుకు ఫోన్ చేశాను. ఏ ఊళ్లో ఆగేది, ఏ టైముకు ఆగేది అని అడిగితే ఆయనకు ఊళ్ల పేర్లు గుర్తులేవు.

"పొద్దు గూకినంక ఎక్కువ ఆగేది తమ్మీ. స్టేజి లైట్లు గుడ్డిగైనప్పుడల్లా నాకు టెన్షన్."

నాకు కావలసిన మాట అదే. కీబోర్డుకు ముందు డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని చేత్తో తిప్పి పెంచే, తగ్గించే డబ్బా) పెట్టి వోల్టేజీ తగ్గిస్తూ వచ్చాను. 220, 210, 205. ఏమీ కాలేదు. 198 దగ్గర డిస్‌ప్లే ఒక్క క్షణం వణికింది, యంత్రం మొదటికొచ్చింది, సాంపిల్ మాయం. మళ్లీ చేశాను. మళ్లీ 198 దగ్గరే. సాయంత్రం పూట ఊరి చివర మండపంలో 198 అంటే చాలా ఎక్కువే.

ఈసారి 5 వోల్ట్ లైన్ మీద మీటరు కాకుండా, వోల్టేజీ తీరును తెర మీద గీతగా చూపించే సీఆర్ఓ ప్రోబ్ పెట్టాను. 200 వోల్ట్‌ల దగ్గర గీత పైన చదునుగానే ఉంది కానీ కిందికి వరుసగా పళ్లలాగా నొక్కులు పడుతున్నాయి, సెకనుకు వంద చొప్పున. మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫై అయ్యాక రెండింతలవుతుంది కాబట్టి వంద. ఒక్కో నొక్కు అర వోల్ట్ లోతు. మీటరు సగటు చూపిస్తుంది కాబట్టి దానికి ఇవి కనిపించవు, కొద్దిగా తగ్గినట్టు మాత్రమే ఉంటుంది. ప్రాసెసరుకు సగటుతో పని లేదు. ఒక్క నొక్కు లోతుగా పడితే చాలు, మొదటికి వెళ్లిపోతుంది.

ఇలా ఎందుకవుతుందంటే, వోల్టేజీని నిలకడగా ఉంచే మూడు కాళ్ల రెగ్యులేటర్‌కు 5 వోల్ట్‌లు ఇవ్వడానికి ఇన్‌పుట్‌లో 7 దాకా ఉండాలి. సెకనులో వందో వంతుకొకటి చొప్పున వచ్చే రెండు కరెంటు పోట్ల మధ్య ఆ ఇన్‌పుట్‌ను పట్టి నిలిపేది ఫిల్టర్ కండెన్సర్. దాన్ని పీకి కొలిస్తే మీద రాసిన విలువలో సగం కూడా లేదు. ఎండిపోయింది. నిండుగా 230 వచ్చినప్పుడు ఎండిన కండెన్సర్‌తో కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. వోల్టేజీ పడిపోతే గోతులు 7 కిందికి దిగి, రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. పైగా స్టెప్‌డౌన్ డబ్బా మీద 110 అని రాసి ఉన్నా, లోడ్ మీద అది ఇస్తున్నది 106 మాత్రమే. 117 మోడల్‌కు మొదటి నుంచీ అర్ధాకలి భోజనమే.

పవర్ సప్లైలో ఉన్న కండెన్సర్లన్నీ మార్చాను, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేసి. హమ్ పోయింది. డిమ్మర్‌స్టాట్ మీద ఇప్పుడు 182 దాకా నిలబడింది. ఇంకా చాలదు. స్టేషన్ రోడ్డు దగ్గర మోటర్లు వైండింగ్ చేసే ఒకాయనతో 230కి 117 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను. ప్రైమరీ, సెకండరీ విడివిడిగా చుట్టమన్నాను. పాత డబ్బా ఆటో ట్రాన్స్‌ఫార్మర్, అందులో కరెంటు లైనుకూ కీబోర్డులోకి వెళ్లే తీగలకూ నడుమ అడ్డం ఏమీ లేదు. చెమట చేతులతో మైకు పట్టుకునే మనిషి పక్కన అలాంటిది ఉండకూడదని నా పట్టు. కొత్తదానితో 165 దాకా తీసుకెళ్లాను, అప్పుడు గానీ వణకలేదు. 165 కంటే తగ్గితే ఆర్కెస్ట్రానే ఆపుకోవాలి.

మెట్లు

ఇది తొందరగా తేలిపోయింది. మోగనివి ఎనిమిది, వరుసగా: నాలుగో సప్తకంలో సి నుంచి జి వరకు. ఒక్క మెట్టు పోతే దాని కింద రబ్బరు మీదనో డయోడు మీదనో అనుమానపడాలి. ఎనిమిది వరుసగా పోతే మెట్లను చూడనక్కర్లేదు. మెట్లను ఎనిమిదేసి చొప్పున ఒక్కో తీగ మీద కట్టి స్కాన్ చేస్తారు కాబట్టి ఆ తీగ ఎక్కడో తెగింది. మెట్ల బోర్డు నుంచి మెయిన్ బోర్డుకు వచ్చే కనెక్టర్ తీస్తే ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. బల్లి పుణ్యం. పిన్ను మార్చాను.

దీనికంటే చికాకు పెట్టింది ఎవరో మెట్ల సందుల్లోంచి కొట్టిన తుప్పు వదిలించే స్ప్రే. దాని జిడ్డు రబ్బరు కాంటాక్టుల మీద పేరుకుంది. ఒక్కో మెట్టు కింద రెండు నల్ల కార్బన్ బిళ్లలుంటాయి. మొదటిది తాకిన క్షణానికీ రెండోది తాకిన క్షణానికీ మధ్య ఎంత సమయమో చూసి ఎంత గట్టిగా కొట్టారో లెక్క కడుతుంది. జిడ్డు పడితే మెల్లగా కొట్టినా గట్టిగా మోగుతుంది, లేదా అసలే మోగదు. రబ్బరు పట్టీలన్నీ తీసి ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), దూదితో కాకుండా పాత బనియన్ గుడ్డతో తుడిచాను. దూది పోగులు వదులుతుంది. మూడు బిళ్లలు మాత్రం తుడిచినా కిలో ఓముల్లోనే ఉన్నాయి, అంటే కరెంటును సరిగ్గా పోనివ్వడం లేదు. పాత టీవీ రిమోట్ రబ్బరులోంచి బిళ్లలు కోసి అతికించాను. బోర్డు మీద కార్బన్ గీతల్ని మాత్రం ఎరేజర్‌తో రుద్దొద్దు. అది అరిగిపోతే తిరిగి రాదు.

డ్రైవ్

డిస్క్ పెడితే మోటర్ తిరిగిన చప్పుడు వస్తుంది, తర్వాత ఎర్రర్. డ్రైవ్ తీసి తిరగేస్తే బెల్టు ఉండాల్సిన చోట నల్లటి తారు. పుల్లీకి, చక్రానికి, పక్కనున్న బోర్డుకు, అన్నిటికీ. వేలు పెడితే వేలికీ అంటింది, మూడు రోజులు పోలేదు. ఇది ఈ రకం డ్రైవ్‌లన్నిటికీ వయసుతో వచ్చే జబ్బు. 1986లోనే నింటెండో జపాన్‌లో తన వీడియో గేమ్ యంత్రానికి తెచ్చిన ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్ డ్రైవ్ కూడా ఈ కుటుంబందే. దాని బెల్టూ ఇలాగే కరుగుతుంది. నలభై ఏళ్ల దగ్గరికొచ్చిన రబ్బరును నేను తప్పుపట్టను.

డ్రైవ్ పనిచేసే తీరు తెలిస్తే నా తప్పు అర్థమవుతుంది. మామూలు ఫ్లాపీలో వలయాలు విడివిడిగా ఉంటాయి, హెడ్ ఒకదాని మీంచి ఇంకోదానికి దూకుతుంది. క్విక్ డిస్క్‌లో అలా కాదు. గ్రామఫోన్ రికార్డులాగా ఒకే ఒక గీత, చుట్లు చుట్లుగా లోపలికి పోతుంది. ఎనిమిది సెకన్లలో మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో చదివేస్తుంది. డిస్క్‌ను తిప్పేదీ హెడ్‌ను జరిపేదీ ఒకే మోటర్. రెండూ పళ్ల చక్రాలతో ముడిపడి ఉంటాయి. హెడ్ గీత మీద ఉందో లేదో చూసుకునే ఏర్పాటు ఏదీ లేదు. డిస్క్ ఏ కోణంలో ఉన్నప్పుడు హెడ్ బయల్దేరిందో రాసినప్పుడూ చదివినప్పుడూ అదే కోణంలో ఉండాలి. అందుకే డిస్క్ నడుమ బిళ్లను హబ్ మీద ఒక చిన్న మేకు పట్టుకుంటుంది.

తారు హబ్ కిందికి కూడా పాకింది. శుభ్రంగా చేయాలన్న ఉత్సాహంలో హబ్ స్క్రూ వదులు చేసి హబ్‌ను బయటికి లాగేశాను. మార్కర్‌తో రెండు గీతలు పెట్టుకోవడానికి పది సెకన్లు పట్టదు. పెట్టుకోలేదు.

ఐపీఏతో తారంతా కడిగి, హబ్ బిగించి, నా దగ్గరున్న టేప్ రికార్డర్ బెల్టుల్లోంచి కొలతకు దగ్గరగా ఉన్నదాన్ని వేశాను. పరీక్షకు ఖాళీ డిస్క్ కావాలి. క్విక్ డిస్క్ ఇప్పుడు బజార్లో ఎక్కడ దొరుకుతుంది? కోఠి గుజరాతీ గల్లీలో పార్టులమ్మే ఒకాయనను ఫోన్లో అడిగితే అదేంటని నన్నే అడిగాడు. ఓనరునే అడిగాను.

"షెహనాయి తీస్కో. ఇప్పుడు పెండ్లిళ్ల షెహనాయి ఎవ్వలు ఇంటరు. కొట్టేయ్ దాన్ని."

స్పానర్ చప్పుడును షెహనాయి మీదికి ఎక్కించాను. కరెంటు తీసి, వేసి, తిరిగి లోడ్ చేశాను. వచ్చింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ వచ్చింది. అప్పుడే ఫోన్ చేసి "అయిపోయిందన్నా" అన్నాను. ఆ తర్వాత చప్పట్ల డిస్క్ రైట్ ప్రొటెక్ట్ అయ్యుందని, అంటే దాని మీద పొరపాటున ఏదీ రాయబడదని చూసుకుని పెట్టాను. ఎర్రర్. డప్పు: ఎర్రర్. ఆరింటిలో మిగిలిన ఐదూ, రెండు వైపులా, అన్నీ ఎర్రరే.

మళ్లీ ఫోన్ చేశాను. "డ్రైవ్ మంచిగనే ఉందన్నా. నీ డిస్క్‌లే పాడైనట్టున్నయి."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే తియ్యి" అన్నాడు.

ఆ రాత్రి షట్టర్ దించాక గానీ నాకు తట్టలేదు. ఒకాయన డ్రైవ్ పోయిందన్నాడు, ఒకాయన బోర్డు పోయిందన్నాడు, నేను డిస్క్‌లు పోయాయన్నాను. మిగిలింది ప్లగ్గు. తాను రాసింది తాను చదువుకుంటుంది, పాతవి చదవదు. క్యాసెట్ డెక్కులు బాగుచేసిన రోజుల నుంచీ తెలిసిన లక్షణమే: అలైన్‌మెంట్ పోయిందని అర్థం. తప్పుడు కోణంలో రాసి, అదే తప్పుడు కోణంలో చదివితే ఎందుకు రాదు? షెహనాయి మీద రాసే ముందు ఒక్కసారి షెహనాయిని చదివి చూసి ఉంటే సంగతి అప్పుడే బయటపడేది. ఇప్పుడు ఆ షెహనాయి కూడా లేదు.

మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "డిస్క్‌లు మంచిగున్నయా మరి?" అన్నాడు. చూస్తే గానీ చెప్పలేనన్నాను.

హబ్ కోణం తిరిగి పట్టడానికి కొలతలేమీ నా దగ్గర లేవు. ఉన్నది సీఆర్ఓ. డ్రైవ్ బోర్డులో హెడ్ సిగ్నల్‌ను పెంచే చోట ప్రోబ్ కట్టాను. హబ్‌ను కొంచెం తిప్పి, స్క్రూ బిగించి, చప్పట్ల డిస్క్ పెట్టి, లోడ్ కొట్టి, తెర చూడటం. మళ్లీ వదులు చేయడం, ఇంకొంచెం తిప్పడం. హబ్ సగం చుట్టు తేడాగా ఉంటే హెడ్ రెండు చుట్ల నడుమ ఖాళీలో నడుస్తుంది, అటు ఇటు ఉన్న రెండు చుట్ల సిగ్నలూ సగం సగం కలిసి వస్తాయి. అప్పుడు తెర మీద సిగ్నల్ పాత చీర అంచులా పీలికలుగా ఉంది. తిప్పుతూ పోతే లావెక్కుతూ వచ్చింది. ఒకచోట పురికొసంత మందంగా, ఎనిమిది సెకన్లూ ఒకే తీరుగా వచ్చింది. దాన్ని దాటి ఇంకా తిప్పితే మళ్లీ సన్నబడింది. వెనక్కి వచ్చి ఆ లావుపాటి చోట బిగించాను. ఈసారి మార్కర్ గీతలు పెట్టాను. రెండు కాదు, నాలుగు పెట్టాను.

చప్పట్లు వచ్చాయి. పదిహేను మంది ఆడవాళ్లు ఒకేసారి కొట్టిన ఒక్క చప్పట. షాపు ముందు చాయ్ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు.

కానీ రెండోసారి లోడ్ కొడితే ఎర్రర్. మూడోసారి వచ్చింది, నాలుగోసారి రాలేదు. తెర మీద చూస్తే సిగ్నల్ లావు సరిగ్గానే ఉంది కానీ అడ్డంగా ఊపిరి పీలుస్తున్నట్టు సాగి ముడుచుకుంటోంది. నా బెల్టు కొంచెం వదులు, స్పీడు నిలకడగా లేదు. పాటలో అయితే చెవి సర్దుకుపోయేది, ఈ డ్రైవ్ సర్దుకోదు.

వరంగల్‌లో బెల్టుల విషయంలో నాకు గురువులాంటి పెద్దాయన ఉన్నాడు. టేప్ రికార్డర్ల కాలం మనిషి, ఇప్పుడు మిక్సీలు, గ్రైండర్లు చేస్తున్నాడు. బిస్కట్ డబ్బా నిండా బెల్టులు ఇంకా దాచుకున్నాడు. పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచిన పొడవు చెప్పాను. ఆయన దారాన్ని చూడనే లేదు. మోటర్ ఎంత ఉంటదని అడిగాడు. చూపించాను. డబ్బాలో చెయ్యి పెట్టి, నాలుగు బెల్టులు వేళ్ల మధ్య లాగి వదిలి, ఐదోది ఇచ్చాడు. చదరపు కోత ఉన్నది, నేను వేసినదానికంటే ఒక నూలు చిన్నది.

అది వేశాక మోటర్ వెనకున్న చిన్న ట్రిమ్మర్‌తో స్పీడు సరిచూశాను. పద్ధతి చెప్తాను, మీకెవరికైనా పనికొస్తుంది. కచ్చితమైన అంకె తెలియకపోయినా ఫరవాలేదు. బాగా చదవగలిగే పాత డిస్క్ ఒకటి పెట్టి ట్రిమ్మర్‌ను ఎర్రర్ వచ్చేదాకా ఒకవైపు తిప్పండి, గుర్తు పెట్టండి. తర్వాత రెండోవైపు ఎర్రర్ వచ్చేదాకా తిప్పండి, గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమధ్యన వదిలేయండి. ఇది చేసేటప్పుడు మాత్రం సేవ్ బటన్ జోలికి పోవద్దు.

ఆ తర్వాత పది లోడ్‌లకు పది వచ్చాయి. మిగిలిన ఐదు డిస్క్‌ల పది వైపుల్లో తొమ్మిది చదివింది. డప్పు రెండో వైపు మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. పైకెత్తి వెలుతురులో చూస్తే డిస్క్ మీద బూజు చుక్క తెల్లగా కనిపించింది. దాన్ని ఇంకోసారి తిప్పితే హెడ్‌కు బూజు అంటుతుంది. పక్కన పెట్టేశాను.

ఓనరు వచ్చిన రోజున మొదటి పనిగా చదివిన ప్రతి వైపునూ లైన్ అవుట్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసి పెన్ డ్రైవ్‌లో వేశాను. ఇంకో డ్రైవ్ దొరకదు, ఈ డిస్క్‌ల మీద నమ్మకం పెట్టుకునే వయసు కాదు వాటిది. ఆయన పెన్ డ్రైవ్‌ను చూడలేదు. అమ్మ అన్న డిస్క్ తనే తీసి పెట్టుకున్నాడు. లోడయింది. కుడిచేతి వైపు ఒక మెట్టు నొక్కాడు. చిన్నపిల్ల గొంతులాగా సన్నగా, గబగబా "ఉయ్యాలో" అంది.

"ఇది మా అమ్మ కాదు తమ్మీ."

"ఆమెనే అన్నా. మెట్టు అది కాదు."

సాంపిల్ తీసిన చప్పుడు తీసింది తీసినట్టుగా ఒక్క మెట్టు మీదే ఉంటుంది. పైకి పోతే సన్నబడి త్వరగా అయిపోతుంది, కిందికి పోతే బరువెక్కి సాగుతుంది. ముప్పై ఏళ్లు వాయించిన మనిషికి ఇది నేను చెప్పాలా, కానీ ఆ క్షణాన మరిచిపోయాడు. ఒక్కో మెట్టు కిందికి దిగుతూ వచ్చాడు. ప్రతి మెట్టుకూ గొంతు కొంచెం వయసు మీరుతూ వచ్చింది. నడిమి సి దగ్గర వేలు ఆగింది. దానికి కింది మెట్టు నొక్కి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ పైకి వచ్చాడు. 15 కిలోహెర్ట్జ్ సాంపిల్ కాబట్టి గొంతు కొంచెం ముసుగేసుకున్నట్టుంది. వెనక దూరంగా ఎవరిదో కోడి కూసింది. ఆ కోడి కూడా రెండు సెకన్లలో సగం కూతకే తెగిపోయింది.

మొత్తం నెలన్నర పట్టింది. సామాన్లకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు అయిన ఖర్చు తీసుకున్నాను. షెహనాయి పోగొట్టినందుకు మజూరీలో తగ్గించుకోమన్నాను, ఆయన వినలేదు. డప్పు డిస్క్ నా డ్రాయర్‌లోనే ఉంది. బూజు శుభ్రం చేసే పని ఈ వానలు పోయి గాలి పొడిబడ్డాక పెట్టుకుంటాను.